ఉబుంటులో షెల్ స్క్రిప్టుకు సెట్‌యూఐడీ పెట్టినా రూట్‌గా నడవడం లేదు, ఏం చేయాలి?

ల్యాబ్‌కాపలా | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాను. మూడు ల్యాబులు, 60 మిషన్లు, అన్నీ ఉబుంటు 22.04. నా కింద నలుగురు ల్యాబ్ అసిస్టెంట్లు ఉన్నారు. రోజుకు పదిసార్లు ఫోన్ వస్తుంది. ప్రింటర్ క్యూ ఆగిపోయిందనో, ఫలానా విద్యార్థి హోమ్ ఫోల్డర్ పాడైంది, మళ్లీ మొదటిలా చేయాలనో. రెండింటికీ రూట్ (మిషన్ మీద పూర్తి అధికారమున్న యూజర్) కావాలి. రూట్ పాస్‌వర్డ్ నలుగురి చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

అందుకని పద్నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు రాసి, ఓనర్‌ను రూట్‌గా మార్చి, సీహెచ్‌మాడ్ 4755 కొట్టి సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఓనర్ అధికారంతో నడవాలనే గుర్తు) పెట్టాను. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొడితే ఎస్ అక్షరం కనబడుతోంది. కానీ అసిస్టెంట్ లాగిన్‌లో నడిపితే లోపలున్న ప్రతి కమాండూ 'పర్మిషన్ డినైడ్' అంటోంది. నేను చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌లో సోలారిస్ మిషన్ ఉండేది. దాని మీద ఇదే పద్ధతి పనిచేయడం కళ్లారా చూశాను. ఉబుంటులో ఏ సెట్టింగ్ మార్చాలి?

ఫోన్‌లోంచి రాస్తున్నాను, కమాండ్లు పలికినట్టే తెలుగులో రాశాను. మీరూ అలాగే రాస్తే రేపు మా వాళ్లకు చదివి వినిపిస్తాను.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 9:31

సెట్టింగ్ ఏమీ లేదండీ. స్క్రిప్టుల మీద ఆ బిట్‌ను లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రాం) అసలు పట్టించుకోదు. దారి మాత్రం సులువే. సీ భాషలో ఐదు లైన్ల ప్రోగ్రాం రాయండి. మెయిన్‌లో సెట్‌యూఐడీ(0), తర్వాత సిస్టమ్() లో మీ స్క్రిప్టు పూర్తి పాత్. కంపైల్ చేసి దానికి 4755 పెట్టండి. మా ఆఫీసులో డిప్లాయ్‌మెంట్ సర్వర్ మీద మూడేళ్లుగా ఇలాగే నడుస్తోంది, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు.

పాతసోలారిస్ | సోమవారం, రాత్రి 10:05

ల్యాబ్‌కాపలా గారూ, దయచేసి ఈ రాత్రికి ఆ సీ ప్రోగ్రాం పెట్టకండి. ముందు కెర్నల్ ఎందుకు వద్దంటోందో చెబుతాను, అది తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది.

సెట్‌యూఐడీ బిట్ డెనిస్ రిచీ ఆలోచన. బెల్ ల్యాబ్స్ 1973లో దానికి పేటెంట్ దరఖాస్తు చేసింది, 1979లో వచ్చింది. మామూలు మనిషి నడిపినా ప్రోగ్రాం తన ఓనర్ అధికారంతో నడవాలన్నది దాని సారం. పాస్‌వర్డ్ మార్చుకునే కమాండ్ ఇప్పటికీ అలాగే పనిచేస్తుంది. బైనరీకి, అంటే కంపైల్ చేసిన ప్రోగ్రాంకు, అది సరిపోతుంది, ఎందుకంటే కెర్నల్ ఏ ఫైలు తెరిచి అధికారం ఇచ్చిందో అదే ఫైలును నడుపుతుంది.

స్క్రిప్టు సంగతి అలా కాదు. కెర్నల్ స్క్రిప్టును తెరిచి మొదటి లైను చూస్తుంది. అక్కడ హ్యాష్, ఆశ్చర్యార్థకం, /బిన్/ఎస్‌హెచ్ అని ఉంటుంది. అప్పుడు కెర్నల్ షెల్‌ను (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాంను) లేపి, 'ఇదిగో, ఈ పేరున్న ఫైలు చదువు' అని పేరు మాత్రమే చేతికిస్తుంది. షెల్ ఆ పేరుతో ఫైలును రెండోసారి తెరుస్తుంది. మొదటిసారి తెరిచిన ఫైలూ రెండోసారి తెరిచిన ఫైలూ ఒకటేనని పూచీ ఎవరిస్తారు?

మీ విద్యార్థి తన హోమ్‌లో 'అ' అనే సింబాలిక్ లింకు (ఇంకో ఫైలు వైపు చూపించే పేరు) చేసి దాన్ని మీ రూట్ స్క్రిప్టు వైపు తిప్పుతాడు. 'అ'ను నడుపుతాడు. కెర్నల్ లింకు వెంట వెళ్లి మీ స్క్రిప్టును చూసి, సెట్‌యూఐడీ ఉంది కాబట్టి షెల్‌కు రూట్ అధికారం ఇస్తుంది. షెల్ లేచి 'అ'ను మళ్లీ తెరిచేలోగా అతను లింకును తన సొంత ఫైలు వైపు తిప్పేస్తాడు. రూట్ అధికారమున్న షెల్ ఇప్పుడు అతని ఫైలు చదువుతుంది.

ఇంకో పాత పద్ధతికి ఈ పరుగుపందెం కూడా అక్కర్లేదు. లింకుకు 'మైనస్ ఐ' అని పేరు పెట్టి ఆ పేరుతోనే నడిపితే, ఆనాటి షెల్ దాన్ని ఫైలు పేరనుకోకుండా ఆప్షన్ అనుకునేది. మైనస్ ఐ అంటే ఇంటరాక్టివ్. నేరుగా రూట్ ప్రాంప్ట్ వచ్చి కూర్చునేది. పాత స్క్రిప్టుల మొదటి లైను చివర ఒంటరి మైనస్ గుర్తు చూసే ఉంటారు, దీన్ని ఆపడానికే పెట్టేవాళ్లు.

మీరు చూసిన సోలారిస్‌లో ఎలా నడిచిందంటే, అక్కడ కెర్నల్ పేరు బదులు, తాను అప్పటికే తెరిచి ఉంచిన ఫైల్ డిస్క్రిప్టర్‌ను /డెవ్/ఎఫ్‌డీ/3 లాంటి రూపంలో షెల్‌కు ఇస్తుంది. రెండోసారి పేరుతో వెతకడం ఉండదు. పైన చెప్పిన రెండు కంతలూ దానితో మూతపడ్డాయి. మిగతావి పడలేదు. నేను ఆ మిషన్ల మీద పన్నెండేళ్లు పనిచేశాను, అక్కడ కూడా మా టీమ్‌లో సెట్‌యూఐడీ స్క్రిప్టును ఎవరినీ రాయనివ్వలేదు.

కొత్తవిత్తు | సోమవారం, రాత్రి 10:22

సార్, నేను బీటెక్ మూడో సంవత్సరం. రెండు సందేహాలు. షెల్ లేచే ఆ మిల్లీసెకన్లలో లింకు మార్చడం నిజంగా సాధ్యమేనా? రెండోది, అధికారం రూట్‌ది అయితే నడిపిన మనిషి ఎవరో సిస్టమ్‌కు ఇక తెలియదా?

పాతసోలారిస్ | సోమవారం, రాత్రి 10:40

సాధ్యమే బాబూ. ఒక్కసారికి కుదరకపోవచ్చు, కానీ ఓడిపోతే అతనికి పోయేదేమీ లేదు. లూపులో పదివేల సార్లు ప్రయత్నిస్తాడు. మిషన్ మీద లోడు పెంచి, నైస్‌తో ప్రాధాన్యం తగ్గించి ఆ సందును వెడల్పు చేసుకుంటాడు కూడా. ఒక్కసారి గెలిస్తే చాలు.

రెండోదానికి: ప్రతి ప్రాసెస్‌కూ రియల్ యూఐడీ, ఎఫెక్టివ్ యూఐడీ అని రెండుంటాయి. నడిపింది ఎవరో మొదటిది చెబుతుంది, ఎవరి అధికారంతో నడుస్తోందో రెండోది చెబుతుంది. సెట్‌యూఐడీ బిట్ మార్చేది రెండోదాన్నే. ఈ రెండూ తేడాగా కనబడితే బ్యాష్ అనే షెల్ అనుమానిస్తుంది, మైనస్ పీ ఆప్షన్ ఇవ్వకపోతే ఎక్కువ అధికారాన్ని వదిలేసి మామూలు మనిషిగా మారిపోతుంది. ఇది గుర్తుపెట్టుకో, ఈ చర్చలో మళ్లీ అవసరపడుతుంది.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10:58

మీరు చెప్పిన పరుగుపందెం, అంటే రేస్ కండిషన్, నాకు తెలుసండీ. సరిగ్గా అందుకే సీ ప్రోగ్రాం అన్నాను. బైనరీ కాబట్టి రెండోసారి తెరవడం లేదు. లోపల స్క్రిప్టు పాత్ నేనే పూర్తిగా రాశాను, ఆ స్క్రిప్టు రూట్‌ది, ఇంకెవరూ మార్చలేరు. లింకులు తిప్పే ఆట నా దగ్గర సాగదు. ఇందులో తప్పేముందో నిజంగా తెలుసుకోవాలనుంది.

తోటగోడ | మంగళవారం, ఉదయం 6:15

కృష్ణాతీరం గారూ, మీరు అడిగిన తీరు నాకు నచ్చింది, కాబట్టి పూర్తిగా చెబుతాను. నా రోజువారీ పని సెక్యూరిటీ ఆడిట్లే. స్క్రిప్టును చుట్టి నడిపే ఇలాంటి చిన్న ప్రోగ్రాములను, అంటే వ్రాపర్లను, నెలకొకటైనా చూస్తాను.

రేస్ పోయింది, నిజమే. కానీ నడిపేవాడు తన ఎన్విరాన్‌మెంట్‌ను (తను పెట్టుకున్న వేరియబుల్స్‌ను) వెంట తెస్తాడు, మీ ఐదు లైన్లు దాన్ని యథాతథంగా లోపలికి పంపుతాయి. మీ స్క్రిప్టులో 'సర్వీస్' అనో 'సీపీ' అనో ఒట్టి పేరుతో కమాండ్ ఉందనుకోండి. నేను నా ఫోల్డర్‌లో సీపీ అనే పేరుతో రెండు లైన్ల ఫైలు పెట్టి, కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌లో నా ఫోల్డర్‌ను అన్నిటికంటే ముందుకు తెచ్చి మీ వ్రాపర్‌ను నడుపుతాను. మీ స్క్రిప్టు రూట్‌గా నా సీపీని పిలుస్తుంది. రేస్ లేదు, అదృష్టం అక్కర్లేదు, మొదటిసారికే పని అయిపోతుంది.

కమాండ్లన్నీ పూర్తి పాత్‌తో రాశానంటారా? స్క్రిప్టు బ్యాష్‌ది అయితే బ్యాష్_ఎన్వ్ అనే వేరియబుల్ ఉంది. అందులో ఏ ఫైలు పేరుంటే దాన్ని బ్యాష్ మీ మొదటి లైను కంటే ముందే చదివి నడుపుతుంది. పాతసోలారిస్ గారు చెప్పిన రక్షణ ఇక్కడ పనికిరావాలి కదా, రియల్ వేరు, ఎఫెక్టివ్ వేరు అని చూసి బ్యాష్ జాగ్రత్తపడాలి కదా. పడదు. ఎందుకంటే మీరు ముందే సెట్‌యూఐడీ(0) పిలిచి రెండిటినీ రూట్ చేసేశారు. బ్యాష్ కంటికి అసలు రూటే కూర్చుని నడుపుతున్నట్టు కనబడుతుంది. ఆ ఒక్క లైను లేకపోతే మీ వ్రాపర్ 'పనిచేయడం లేదు' అనిపించి ఉండేది, మీరు ఆ లైను చేర్చి 'బాగుచేసి' ఉంటారు. నేను చూసిన అన్ని వ్రాపర్లలోనూ కథ ఇదే.

ప్రోగ్రాంకు కావాల్సిన లైబ్రరీలను ఎక్కించే డైనమిక్ లోడర్ కొంత కాపాడుతుంది. సెట్‌యూఐడీ ప్రోగ్రాం అని తెలిస్తే ఎల్‌డీ_ప్రీలోడ్ లాంటి వేరియబుల్స్‌ను పక్కన పడేస్తుంది. పైథాన్, పెర్ల్ భాషలు లైబ్రరీలు వెతికే చోటు చెప్పే పైథాన్‌పాత్ గురించీ, పెర్ల్5లిబ్ గురించీ దానికేం తెలుసు? అవి అలాగే లోపలికి వెళ్తాయి. 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ అనే బ్యాష్ లోపం బయటపడినప్పుడు తెలిసిందేమిటంటే, బ్యాష్ ఎన్విరాన్‌మెంట్‌లోంచి ఫంక్షన్లు తెచ్చుకునే చోట, ఫంక్షన్ తర్వాత అతికించిన కమాండ్లను కూడా నడిపేస్తోంది. అలాంటి వ్రాపర్ ఉన్న మిషన్లలో అది నెట్‌వర్క్ దాకా వెళ్లకుండానే రూట్ ఇచ్చింది.

పెర్ల్ వాళ్లు ఈ సమస్యకు ప్రత్యేకంగా సూయిడ్‌పెర్ల్ అనే ప్రోగ్రామే రాశారు. భాష తయారుచేసినవాళ్లే, ఎంతో శ్రద్ధగా రాశారు. ఎవరో లింకులు తిప్పుతున్నారని అనుమానం వస్తే అది మెయిల్ ప్రోగ్రాంను పిలిచి రూట్‌కు ఉత్తరం రాసేది. 2000లో ఒకరు ఆ ఉత్తరం రాసే దారినే వాడుకుని, ఎన్విరాన్‌మెంట్‌లో ఒక్క వేరియబుల్ పెట్టి రూట్ సంపాదించారు. దొంగను పట్టుకోవడానికి పెట్టిన గంటే దొంగకు తలుపు తీసింది. చివరికి 2010లో 5.12తో సూయిడ్‌పెర్ల్‌ను పూర్తిగా తీసేశారు.

కృష్ణాతీరం | మంగళవారం, ఉదయం 8:02

మీరు రాసింది చదివి ఇంట్లో వర్చువల్ మిషన్‌లో మా వ్రాపర్‌నే పెట్టి చూశాను. బ్యాష్_ఎన్వ్ పద్ధతి మొదటిసారికే పనిచేసింది. సెట్‌యూఐడీ(0) లైను గురించి మీరన్నది కూడా అక్షరాలా నిజం, మొదట అది లేదు, తర్వాత నేనే చేర్చాను. ల్యాబ్‌కాపలా గారూ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఆఫీసుకు వెళ్లగానే దాన్ని తీసేస్తాను.

రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 11:20

అన్నా, అందరు సుడో (రూట్‌గ కమాండ్ నడపనిచ్చే ప్రోగ్రాం) కాడికే వస్తరు గద, వచ్చే ముందు మా దగ్గర జరిగిన ముచ్చట చెప్త. సుడో పెట్టినమంటె అయిపోయిందనుకోవద్దు.

నేను ఒక కంపెనీల ప్రొడక్షన్ సపోర్ట్ చేసిన. అప్లికేషన్ టీమోళ్లకు సర్వీస్ రీస్టార్ట్ చేసుకునే అవకాశం ఇయ్యాలె. స్క్రిప్టు రాసి /హోమ్/యాప్/బిన్ ల పెట్టినం. ఫైల్ ఓనర్ రూట్, 755. సుడోతోని ఎవరు ఏం నడపొచ్చో రాసే సుడోయర్స్ ఫైల్‌ల ఆ ఒక్క స్క్రిప్టుకే పర్మిషన్. ఫైలేమో రూట్‌ది, టీమోళ్లు చదవగలరు, నడపగలరు గని రాయలేరు. పక్కా అనుకున్నం. రెండేండ్లు అట్లనే నడిచింది.

ఒకనాడు ఆడిట్‌కు వచ్చినామె నా పక్కనె కూసొని, యాప్ లాగిన్ల నుంచి ఎంవీ కొట్టి మా రీస్టార్ట్ స్క్రిప్టు పేరు పాత అని మార్చింది. మారింది! నేను నమ్మలె. తర్వాత అదే పేరుతోని ఇంకో ఫైల్ పెట్టింది, అండ్ల ఒక్కటే లైను, బ్యాష్. సుడోతోని నడిపింది. రూట్ ప్రాంప్ట్ వచ్చింది. అంత కలిపి ఇరవై సెకన్లు గూడ పట్టలె.

ఫైల్‌ల రాయనీకె ఫైల్ పర్మిషన్ కావాలె. గని ఫైల్ పేరు మార్చుడు, తీసేసుడు, కొత్తది పెట్టుడు, ఇవన్ని డైరెక్టరీ పర్మిషన్ తోని అయితయి. /హోమ్/యాప్/బిన్ యాప్ యూజర్‌ది. ఇగ లోపల ఫైల్ రూట్‌దైతే ఏంది, ఇంకెవరిదైతే ఏంది? గా దినం సంది నేను రూట్ నడిపే ఏ ఫైల్‌కైనా 'నేమ్‌ఐ మైనస్ ఎల్' కొట్టి, పైన స్లాష్ కాడి నుంచి కింది దాక ఒక్కొక్క డైరెక్టరీ ఓనర్‌ను చూస్త. ఒక్కటి గూడ రూట్‌ది కాకపోతే ఆపేస్త. ఆ స్క్రిప్టు లోపల సోర్స్ చేసుకునే కాన్ఫిగ్ ఫైల్‌కు గూడ ఇదే లెక్క.

ల్యాబ్‌కాపలా | మంగళవారం, మధ్యాహ్నం 1:45

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. 4755 తీసేశాను. ఇప్పుడు ఇలా మార్చాను, తప్పులుంటే చెప్పండి.

స్క్రిప్టులు రెండూ /ఆప్ట్/ల్యాబ్ లో పెట్టాను, పైనుంచి కింది దాకా అన్నీ రూట్‌వే, నేమ్‌ఐతో చూశాను. సుడోయర్స్ దిద్దే విసుడోలో 'ల్యాబ్' గ్రూపుకు పాస్‌వర్డ్ అడగకుండా /ఆప్ట్/ల్యాబ్/ చుక్క ఎస్‌హెచ్‌తో ముగిసే ఫైళ్లన్నీ నడిపే అనుమతి ఇచ్చాను. ఇంకా ప్రింటర్ లాగ్ చూడటానికి 'లెస్' కమాండ్, కప్స్ (ప్రింటింగ్ వ్యవస్థ) ఎర్రర్ లాగ్ పాత్‌తో పాటు.

హోమ్ రీసెట్ స్క్రిప్టులో మొదటి ఆర్గ్యుమెంట్ రోల్ నంబరు. ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ /హోమ్/డాలర్1/స్టార్ కొట్టి, తర్వాత కొత్త హోమ్‌లకు నమూనా ఫైళ్లుండే /ఈటీసీ/స్కెల్ లోని చుక్క ఫైళ్లను (పేరు చుక్కతో మొదలయ్యేవి) ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, సీహెచ్‌ఓన్ చేస్తుంది. రెండో ఆర్గ్యుమెంట్ ఇస్తే అన్ని రోజులకు మించి పాతబడిన ఫైళ్లే తీసేస్తుంది. ఆ సంఖ్య 30 కంటే పెద్దదా కాదా అని డబుల్ బ్రాకెట్లలో మైనస్ జీటీ పెట్టి చూస్తున్నాను.

తోటగోడ | మంగళవారం, సాయంత్రం 6:50

చాలా మెరుగైంది. స్క్రిప్టు ఉన్నదున్నట్టు చెప్పారు కాబట్టే ఏమైనా చూడగలుగుతున్నాం. నాకు కనబడినవి ఇవి.

లెస్ తీసేయండి. అందులో ఆశ్చర్యార్థకం నొక్కి ఎస్‌హెచ్ అంటే షెల్ వస్తుంది, సుడోతో నడిపితే అది రూట్ షెల్. వీఐ ఎడిటర్ కూడా అంతే. లాగ్ చదవడమే పనైతే అసిస్టెంట్లను ఏడీఎమ్ గ్రూపులో చేర్చండి, చాలు.

సుడోయర్స్‌లో స్టార్ వద్దు, రెండు స్క్రిప్టులకు రెండు పూర్తి పేర్లు రాయండి. పాత్‌లో ఉన్న స్టార్ స్లాష్‌ను దాటదు గానీ, ఆర్గ్యుమెంట్లలో ఉన్న స్టార్ ఖాళీలను, స్లాష్‌లను కూడా మింగేస్తుంది. 'క్యాట్ /వార్/లాగ్/మెసేజెస్ స్టార్' అని రాసినవాళ్లు, దాని వెనక ఒక ఖాళీ పెట్టి /ఈటీసీ/షాడో (పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే ఫైలు) అని చేర్చినా సుడో ఒప్పుకుంటుందని ఊహించరు. ఆర్గ్యుమెంట్ల ఊసెత్తకుండా కమాండ్ పేరు ఒక్కటే రాస్తే ఏ ఆర్గ్యుమెంట్ అయినా అనుమతించినట్టే. ఆర్గ్యుమెంట్ వద్దనుకుంటే పక్కన ఖాళీ డబుల్ కోట్స్ పెట్టాలి. సుడో 1.9.10 నుంచి సుడోయర్స్‌లోనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయొచ్చు, కానీ మీ 22.04లో ఉన్నది 1.9.9. కాబట్టి రోల్ నంబరు పరీక్ష స్క్రిప్టు లోపలే జరగాలి.

ఇక డాలర్1. కోట్స్ లేవు. అసిస్టెంట్ పొరపాటున ఖాళీ స్ట్రింగ్ ఇస్తే ఆర్‌ఎం /హోమ్ మొత్తాన్ని ఊడ్చేస్తుంది. సెట్ మైనస్ యూ పెట్టినా ఇది ఆగదు, ఎందుకంటే ఖాళీగా ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు. 'చుక్కచుక్క/ఈటీసీ' ఇస్తే /ఈటీసీ పోతుంది. మధ్యలో ఖాళీ ఉన్న పేరిస్తే రెండు పాత్‌లవుతాయి. రూట్‌గా నడిచే స్క్రిప్టులో ఒక్క ఖాళీ ఏం చేస్తుందో 2011లో బంబుల్‌బీ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టు చూపించింది. /యూఎస్‌ఆర్ తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడింది, ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ల మిషన్లలో /యూఎస్‌ఆర్ మొత్తం పోయింది.

మైనస్ జీటీ దగ్గర ఆగి చదవండి, ఇది చాలామందికి తెలియదు. డబుల్ బ్రాకెట్లలో మైనస్ జీటీ, మైనస్ ఈక్యూ ఉంటే బ్యాష్ రెండు వైపులనూ లెక్కగా చూస్తుంది. లెక్కలో అర్రే ఇండెక్స్ రావచ్చు, ఇండెక్స్ లోపల కమాండ్ సబ్‌స్టిట్యూషన్ రావచ్చు. అంటే రెండో ఆర్గ్యుమెంట్‌గా 30 బదులు 'ఏ, ఎడమ చదరపు బ్రాకెట్, డాలర్, బ్రాకెట్లో ఏదో కమాండ్, కుడి చదరపు బ్రాకెట్' అని ఇస్తే, ఆ కమాండ్ రూట్‌గా నడుస్తుంది. కోట్స్ పెట్టినా నడుస్తుంది. సంఖ్యా కాదా అని సరిచూడటానికి రాసిన లైనే కంత అవుతుంది. ముందు అంకెలు మాత్రమే ఉన్నాయని కేస్ ప్యాటర్న్‌తో తేల్చుకుని, ఆ తర్వాతే లెక్కలోకి తీసుకోండి.

అన్నిటికంటే పెద్దది స్కెల్ కాపీ. మీ ఆర్‌ఎం స్టార్ చుక్క ఫైళ్లను ముట్టుకోదు. విద్యార్థి తన చుక్క బ్యాష్‌ఆర్‌సీని తీసేసి, అదే పేరుతో యూజర్ల జాబితా ఉండే /ఈటీసీ/పాస్‌వర్డ్ ఫైలు వైపు సింబాలిక్ లింకు పెట్టుకుని, 'సార్, నా హోమ్ పాడైంది' అని మీ అసిస్టెంట్ దగ్గరకు వస్తాడు. రూట్‌గా నడిచే సీపీ ఆ లింకు వెంట వెళ్లి /ఈటీసీ/పాస్‌వర్డ్ మీద బ్యాష్‌ఆర్‌సీని రాసేస్తుంది. ఆ మిషన్‌లో ఇక ఎవరూ లాగిన్ కాలేరు. /టెంప్‌లో లింకులను అడ్డుకునే కెర్నల్ రక్షణ ఇక్కడ వర్తించదు. అది అందరూ రాయగలిగే స్టికీ డైరెక్టరీలకే.

కొత్తవిత్తు | మంగళవారం, రాత్రి 7:30

అక్కా, మరి ఏ ఫైలుకు ఆ ఫైలు, అది లింకా కాదా అని ముందు చూసుకుని కాపీ చేస్తే సరిపోదా?

పాతసోలారిస్ | మంగళవారం, రాత్రి 8:10

చూసిన క్షణానికీ కాపీ చేసిన క్షణానికీ మధ్య అతను మళ్లీ లింకు పెడతాడు బాబూ. నిన్న చెప్పిన పందెమే ఇది కూడా. అవతలివాడి అధీనంలో ఉన్న డైరెక్టరీలో రూట్ అడుగుపెట్టడమే అసలు చిక్కు.

ల్యాబ్‌కాపలా గారూ, ఆ డైరెక్టరీలోకే వెళ్లకండి. /హోమ్ రూట్‌ది, అక్కడ విద్యార్థి ఏమీ మార్చలేడు. కాబట్టి పాత ఫోల్డర్‌ను మొత్తంగా ఎంవీతో తేదీ పెట్టి, రూట్ ఒక్కరే చూడగలిగే ఇంకో ఫోల్డర్‌లోకి జరపండి. ఎంకేడీఐఆర్‌తో 700 పర్మిషన్‌తో కొత్తది చేయండి. అది ఇంకా రూట్‌దే, ఎవరూ లింకు పెట్టలేరు. అందులోకి స్కెల్ కాపీ చేసి, చివర్లో మాత్రమే సీహెచ్‌ఓన్ చేయండి. ఆర్‌ఎం అసలు అక్కర్లేదు. పిల్లవాడి రికార్డు ప్రోగ్రాములు పొరపాటున పోకుండా ఉంటాయి, అదీ ముఖ్యమే. పాతవి తీసేసే రోజుల లెక్క, రెండో ఆర్గ్యుమెంట్ రెండూ ఈ స్క్రిప్టులోంచి తీసేయండి.

రోల్ నంబరు ఆకారం సరిపోయినంత మాత్రాన ఆగకండి. ఆ పేరుతో యూజర్ ఉన్నాడా, అతను విద్యార్థుల గ్రూపులో ఉన్నాడా, యూఐడీ (యూజర్ సంఖ్య) 1000 పైన ఉందా అని గెటెంట్ కమాండ్‌తో చూడండి. లేకపోతే రేపు ఎవరో లెక్చరర్ గారి హోమ్ జరిపేస్తారు.

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 9:05

అందరూ హోమ్ గురించే మాట్లాడుతున్నారు, ప్రింటర్ సంగతి నేను చెబుతాను. దానికి రూటే అక్కర్లేదండీ. ఉబుంటులో ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో ఉన్నవాళ్లు ఎవరి ప్రింట్ జాబ్‌నైనా క్యాన్సిల్ చేయొచ్చు, ఆగిన క్యూను మళ్లీ నడిపించొచ్చు. నలుగురినీ అందులో చేర్చి, మొదటి స్క్రిప్టును తీసేయండి.

అయితే ఆ గ్రూపూ ఊరికే ఇచ్చేది కాదు, ప్రింటర్లను తీసేయగలరు, చేర్చగలరు. 2012లో ఎల్‌పీఅడ్మిన్ సభ్యులు కప్స్ ద్వారా రూట్ ఫైళ్లు చదవగలిగే లోపం బయటపడింది. ఆ తర్వాతే ప్రమాదకరమైన సెట్టింగ్‌లను వేరే ఫైలులోకి మార్చారు. అసిస్టెంట్లకు సరే, విద్యార్థులకు మాత్రం వద్దు.

రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 10:30

ఇంకొకటి. మీ దగ్గర రూట్ క్రాన్‌ల (టైముకు తనంతట తానే నడిచే పనుల జాబితాల) బ్యాకప్ ఉంటదిగద? విద్యార్థుల ఫోల్డర్‌లకు పోయి 'టార్ … స్టార్' కొట్టేటట్టు ఉంటే గీ రాత్రే మార్చున్రి. స్టార్ అంటే ఫైల్ పేర్లే. ఒకడు 'మైనస్ మైనస్ చెక్‌పాయింట్ యాక్షన్' అని మొదలయ్యే పేరుతోని ఫైల్ పెడితే టార్ దాన్ని ఆప్షన్ అనుకుంటది, అండ్ల చెప్పిన కమాండ్ నడుపుతది. స్టార్ బదులు చుక్క పెట్టున్రి, లేకుంటే ముందు చుక్కస్లాష్ పెట్టున్రి.

కొత్తవిత్తు | మంగళవారం, రాత్రి 10:52

సుడో కూడా సెట్‌యూఐడీ బైనరీయే కదా? దానిలోనే లోపముంటే?

తోటగోడ | బుధవారం, ఉదయం 6:05

ఉన్నాయి, వచ్చాయి. 2021 జనవరిలో క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు బయటపెట్టిన బారన్ సామెడిట్ అనే లోపం 2011 నుంచి సుడోలో ఉంది. సుడోయర్స్‌లో పేరు లేని మామూలు యూజర్‌కు కూడా అది రూట్ ఇచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో, సుడో లాంటిదే అయిన పీకేఎగ్జెక్‌లో లోపం బయటపడింది, 2009లో రాసిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది అది. 2025 జూన్‌లో సుడో సీహెచ్‌రూట్ ఆప్షన్‌లో ఇంకొకటి దొరికింది. కానీ ఇవి వేల కళ్లు చూసే ప్రోగ్రాములు, సాధారణంగా లోపం బయటపడిన రోజే దిద్దుబాటు వస్తుంది. మనం రాసుకున్న వ్రాపర్‌ను మనం తప్ప ఎవరూ చూడరు. ఉబుంటు సుడో ఎన్విరాన్‌మెంట్‌ను శుభ్రం చేసి, సెక్యూర్_పాత్‌తో తన సొంత పాత్ పెట్టి, ఎవరు ఎప్పుడు ఏం నడిపారో ఆథ్ లాగ్‌లో రాస్తుంది. మీ 60 మిషన్లలో ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్లు నడుస్తున్నాయో లేదో మాత్రం చూడండి.

సెట్‌యూఐడీ బిట్ లేకుండానే పని జరిపే దారులూ వస్తున్నాయి. లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ 256లో వచ్చిన రన్0 ఆ బిట్ మీద ఆధారపడదు, సర్వీస్ మేనేజర్‌ను అడిగి విడి ప్రాసెస్ పుట్టిస్తుంది, అడిగినవాడి ఎన్విరాన్‌మెంట్ దానికి వారసత్వంగా రాదు. ఓపెన్‌బీఎస్‌డీ 2015లోనే సుడో బదులు చిన్నదైన డూఆస్‌ను తెచ్చింది.

ల్యాబ్‌కాపలా | బుధవారం, మధ్యాహ్నం 3:20

అసిస్టెంట్లను కూర్చోబెట్టి ఈ చర్చంతా చదివి వినిపించాను. గంటన్నర పట్టింది. నలుగురూ ఎల్‌పీఅడ్మిన్, ఏడీఎమ్ గ్రూపుల్లో ఉన్నారు, ప్రింటర్ స్క్రిప్టు లేదు, లెస్ లేదు. సుడోయర్స్‌లో ఒక్కటే లైను, ఒక్కటే పూర్తి పాత్. క్రాన్‌లో టార్ స్టార్ నిజంగానే ఉంది, మార్చాను.

రీసెట్ స్క్రిప్టు ఇప్పుడు పదిహేడు లైన్లు. వాటిలో ఎక్కువ పరీక్షలే, చివరి నాలుగే పనిచేసేవి. మా చిన్న అసిస్టెంట్ ఈ ఉదయం పరీక్షా మిషన్ మీద ఖాళీ స్ట్రింగ్, చుక్కచుక్క, ఖాళీ ఉన్న పేరు, హెచ్‌ఓడీ గారి యూజర్ నేమ్, బ్యాష్‌ఆర్‌సీ లింకు అన్నీ వరసగా ప్రయత్నించింది. అన్నిటికీ స్క్రిప్టు తిరస్కరించింది, లింకు మాత్రం పాత ఫోల్డర్‌తో పాటు పక్కకు వెళ్లిపోయింది, /ఈటీసీ/పాస్‌వర్డ్ క్షేమం. ఈ రెండు రోజులూ మీరు నాకోసం పెట్టిన సమయానికి ఏమని చెప్పను.

పాత 4755 ఫైలు ఇంకెక్కడైనా కాపీ మిగిలిందేమోనని 'ఫైండ్ స్లాష్ మైనస్ పెర్మ్ మైనస్ 4000 మైనస్ టైప్ ఎఫ్' అన్ని మిషన్ల మీదా నడిపాను. రెండింట దొరికాయి, తీసేశాను.

పాతసోలారిస్ | బుధవారం, సాయంత్రం 4:00

మంచి పని చేశారు. ఆ జాబితాలో మిగిలిన ప్రతి ఫైలుకూ డీపీకేజీ మైనస్ పెద్ద ఎస్ కొట్టి ఏ ప్యాకేజీదో చూడండి. ఏ ప్యాకేజీకీ చెందని సెట్‌యూఐడీ ఫైలు ఉంటే ఎవరు పెట్టారో తేలేదాకా వదలకండి.

కృష్ణాతీరం | బుధవారం, సాయంత్రం 5:35

వ్రాపర్ తీసేశాను. మీరు చెప్పిన ఫైండ్‌ను మా డిప్లాయ్‌మెంట్ సర్వర్ మీద నడిపాను. /వార్/టెంప్‌లో చుక్కతో మొదలయ్యే పేరున్న ఫైలు ఒకటి కనబడింది. ఓనర్ రూట్, 4755. ఏ ప్యాకేజీకీ చెందదు. సైజు చూస్తే /బిన్/బ్యాష్ సైజే, చెక్‌సమ్ పాత బ్యాష్ వెర్షన్‌తో సరిపోయింది. తేదీ పద్నాలుగు నెలల కిందటిది.

తోటగోడ | బుధవారం, సాయంత్రం 5:41

దాన్ని తొలగించకండి, నడపకండి, ఆ మిషన్‌లో ఇంకేమీ టైప్ చేయకండి. అది మైనస్ పీతో రూట్ షెల్ తెరవడానికి ఎవరో దాచుకున్న తాళంచెవి. నెట్‌వర్క్ నుంచి విడదీయండి, కరెంటు ఆపకండి. మీ సెక్యూరిటీ వాళ్లకు ఇప్పుడే చెప్పండి, డిస్క్ ఇమేజ్ వాళ్లు తీస్తారు. ఆ సర్వర్ నుంచి డిప్లాయ్ చేసే మిషన్లన్నిటి ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డులు ఎవరి చేతిలోనో ఉన్నాయనుకుని మార్చాల్సి ఉంటుంది.

కృష్ణాతీరం | బుధవారం, సాయంత్రం 6:10

కేబుల్ తీసేశాను. మేనేజర్ గారికి ఫోన్ చేసి, వ్రాపర్ రాసింది నేనేనని కూడా చెప్పాను. సెక్యూరిటీ టీమ్ దారిలో ఉంది. ఆ సర్వర్ డిప్లాయ్ చేసే మిషన్లు 38. జాబితా తీసుకుని కూర్చున్నాను.